జాన తక్కువ

1876 సెప్టెంబర్ 16, శనివారం

ఇంట్లో అరవొద్దంది టాబిత. అంతగా అరవాలనుంటే కాగితం మీద అరుచుకో, గోడకవతల ఎవరికీ వినపడదు అంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఆవిడ మాట నేను వినడం ఇదే మొదలు.

అందుకని అరుస్తున్నాను. మిల్లు యజమాని కొడుకు లోమాక్స్ చిన్నదొర పొద్దున నా కొట్టుకి వచ్చాడు. ఎప్పుడూ గుర్రం మీంచే మాట్లాడే మనిషి ఇవాళ దిగాడు. అంటే చెప్పబోయేది చెడ్డమాటన్నమాట. నేనప్పుడు ఒక నేతపిల్ల చెక్కజోడుకి ఇనపపట్టీ కొడుతున్నాను. నోట్లో అరడజను మేకులున్నాయి. నేను నోరు తెరవలేని సమయం చూసి మరీ చెప్పాడు.

"కెర్షా, ఈ ఏడాది నువ్వు ఆడక్కర్లేదు. మన క్లబ్బు తరఫున అంపైరుగా ఉండు. నీ అనుభవం మాకు కావాలి."

అనుభవమట. ముసలి గుర్రాన్ని చర్మాల కొట్టుకి తోలేటప్పుడు కూడా దాని అనుభవాన్ని మెచ్చుకునే తోలుతారు కాబోలు. నాకు నలభై నాలుగు. కుడికాలు ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంది. ఎడమకాలు ఎప్పుడూ బాగాలేదు, కాబట్టి దానికీ వయసుకీ సంబంధం లేదు.

థార్న్‌షా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టిందెవరు? నేనూ, సెత్ హోల్డెనూ. ఏడేళ్ళ కిందట, మందిరం వెనక పచ్చికలో. పంది మూత్రాశయం ఊది దాని చుట్టూ తోలు కుట్టింది నేను. మిల్లులో పాతబడ్డ మగ్గం దూలాలు మోసుకొచ్చి గోలు గుంజలు చేసింది సెత్. అప్పుడీ చిన్నదొర ఏదో పెద్దబడిలో లాటిన్ వల్లిస్తున్నాడు. రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న మిల్లు పక్క పొలం మాకు ఆడుకోవడానికిచ్చాడు. పొలంతో పాటు కొడుకునీ ఇచ్చాడు. కొడుకు కెప్టెనయ్యాడు. మిల్లు ఆఫీసులో గుమాస్తాలు నలుగురు, వాడితో చదువుకున్నవాళ్ళు, ఆటగాళ్ళయ్యారు. నేను అనుభవాన్నయ్యాను.

మేకులు ఉమ్మేసి ఏదో అనేలోపే గుర్రమెక్కేశాడు.

సెప్టెంబర్ 17

మందిరం నుంచి వస్తూ సెత్‌కి చెప్పాను. పోనీలేరా, వానొస్తే గొడుగేసుకోవచ్చు, ఆడేవాడికా వసతి లేదుగా అన్నాడు. సెత్‌కి కోపం రాదు. అదొక జబ్బు.

సెప్టెంబర్ 30

అంపైరుగా మొదటి ఆట. చేతికో కర్ర ఇచ్చారు. మైదానంలో మిల్లు చిమ్నీ వైపు సగం నాది, వాగు వైపు సగం అవతలి క్లబ్బు అంపైరుది. ఇద్దరికీ ఒకటే చట్టం: ఆటగాడెవడైనా "ఏమంటావు?" అని అడిగితేనే చెప్పాలి. అడక్కపోతే కళ్ళముందు హత్య జరిగినా నోరు తెరవకూడదు. నాకు నోరు మూసుకుని నిలబడే ఉద్యోగమిచ్చారంటే, ఇచ్చినవాడికి నేనెవరో బాగానే తెలుసనుకోవాలి.

మూడు గోల్స్‌తో గెలిచాం. రెండు చిన్నదొరవి. వాడి తన్ను బాగుంటుంది. కాదని ఎవరన్నారు? బంతి పైకి లేచి, గుంజల మధ్య అడ్డదూలం బదులు కట్టిన నాడా కిందనుంచి, ఒక అంగుళం సందులో దూరిపోతుంది. దూరాక వాడు ఆకాశంలోకి చూస్తాడు, తన్నింది పైనున్నవాడే అన్నట్టు. ఆ చూపు చూస్తే నాకు అరికాలు మండుతుంది.

అక్టోబర్ 14

క్లబ్బు రంగు మార్చాడు. ఏడేళ్ళుగా మాది గోధుమరంగు, ఎందుకంటే బురద కనపడదు. ఇప్పుడు గులాబీ, బూడిద గళ్ళ టోపీలు. పదకొండుమందీ మిఠాయి సీసాలోంచి పడ్డట్టున్నారు.

టోపీలు మా ఇంటికే వచ్చాయి, కుచ్చులు కుట్టమని. టాబిత కుట్టింది. కెప్టెన్ టోపీ లోపలి గుడ్డలో నేను పావు డబ్బా నశ్యం కూరి మళ్ళీ కుట్టేశాను. ఆట మధ్యలో వాన పట్టింది. నశ్యం కరిగి కళ్ళలోకి దిగింది. ఇరవై నిమిషాలు తుమ్ముతూ, ఏడుస్తూ అవతలి క్లబ్బువాడికి బంతి అందించాడు, వాడు మావాడనుకుని. జనం కడుపులు పట్టుకున్నారు.

ఎవరి పనో అందరికీ తెలుసు. థార్న్‌షాలో ఏ చిలిపి పని జరిగినా పోలీసులు ముందు నా కొట్టు వైపు చూస్తారు. చిన్నదొర మాత్రం నన్నేమీ అనలేదు. ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది.

అక్టోబర్ 28

మా లోయలో క్లబ్బులన్నీ పోటీపడే లోయ కప్పులో మొదటి ఆట గెలిచాం. ఓడినవాళ్ళు వెంటనే కొలకర్ర అడిగారు. ఓడినవాడు గోలు కొలవమనడం ఈ లోయలో ఆచారం. అది మొదలుపెట్టిన ఘనత నాదే. డెబ్భై మూడులో నాలుగు గోల్స్‌తో ఓడినప్పుడు, వాళ్ళ గుంజల మధ్య వెడల్పు రెండంగుళాలు ఎక్కువుందని కొలిపించి ఆటే రద్దు చేయించాను. అప్పట్నుంచి కొలకర్ర లేకుండా ఎవరూ ఇంటికి పోరు.

కొలిచారు. నేల నుంచి నాడా దాకా ఎనిమిది అడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. గుంజలు పాతేదీ నాడా కట్టేదీ సెత్. మందిరంలో పిల్లలకి బైబిలు చెప్పేవాడు కూడా అతనే. రెండు పనులూ ఒకేలా చేస్తాడు.

నవంబర్ 11

ఇది పెద్దగా రాయాలి, కలం విరిగినా సరే.

వచ్చే శనివారం రాక్‌డెన్ వాళ్ళతో కప్పు ఆట. బొగ్గుగని ఊరు, మమ్మల్ని తలుచుకుంటే ఉమ్మేసే జనం. ఆ ఆట ముందు క్లబ్బుకి ఫొటో తీయించాలన్నాడు చిన్నదొర. పట్నం నుంచి ఫొటో మనిషి పెట్టె మోసుకుని వచ్చాడు. నేను ఆదివారం కోటు వేసుకున్నాను. టాబిత నా చెవుల వెనక కూడా రుద్దింది. సెత్ గడ్డం కత్తిరించుకుని వచ్చాడు.

బల్లలు వేశారు. ఆటగాళ్ళు కూర్చున్నారు, నిల్చున్నారు. నేనూ సెత్తూ చివర నిలబడ్డాం. చిన్నదొర మా వైపు చూసి మర్యాదగా అన్నాడు, ఆ మర్యాదలోనే ఉంది అంతా:

"ఆటగాళ్ళు మాత్రమేనయ్యా. మీరిద్దరూ కొంచెం పక్కకి జరిగితే ఫొటో నిండుగా వస్తుందట."

జరిగాం. సెత్ నవ్వి, వెలుతురు తగ్గుతుంది త్వరగా కానివ్వండి అని ఫొటో మనిషికి గొడుగు పట్టాడు. గొడుగు. క్లబ్బు పెట్టినవాళ్ళలో ఒకడు గొడుగు పట్టుకున్నాడు, ఇంకొకడు గోడకానుకుని తన కోటు గుండీలు లెక్కపెట్టుకున్నాడు. నూరేళ్ళ తర్వాత ఎవడో ఆ ఫొటో చూసి, ఓహో క్లబ్బు పెట్టింది వీళ్ళే కాబోలు అనుకుంటాడు. ఆ మధ్యలో కూర్చున్న గులాబీ టోపీగాడు.

ఇంటికొచ్చి పేగుల కూర పళ్ళెం తోసేశాను. టాబిత ఈ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

నవంబర్ 17, శుక్రవారం

ఆలోచన వచ్చింది. చాలా చిన్నది. ఎంత చిన్నదంటే ఒక జాన.

టాస్ గెలిచినా ఓడినా చిన్నదొరకి మొదటి సగం గాలి వీపు మీదే కావాలి, అవతలివాళ్ళెప్పుడూ కాదనరు. మా పొలంలో గాలెప్పుడూ వాగు మీంచే వీస్తుంది, అంటే చిమ్నీ వైపు గోలులోకి తన్నుతాడు. ఆ సగం నాదే. అక్కడ నాడాని ఒక జాన కిందికి లాగి రెండు మేకులతో ఆపితే? వాడి అంగుళం సందు తన్నులన్నీ నాడా పైనుంచి పోతాయి. రెండు ఊళ్ళ జనం ముందు, తన్నిన ప్రతిసారీ నా వైపు తిరిగి "ఏమంటావు?" అని అడగాలి. ప్రతిసారీ నేను చెబుతాను, పైనుంచి పోయింది దొరా అని. అబద్ధం కూడా కాదు.

సగం ఆటయ్యాక మనుషులు అటూ ఇటూ మారే సందట్లో మేకులు పీకేస్తే నాడా పాత చోటికే పోతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఒట్టి తమాషా.

నవంబర్ 18, శనివారం

ఒంటిగంటకి మిల్లు వదిలారు. సెత్ గుంజలు సరిచూసుకుని భోజనానికి పోయాడు. నాకు కొట్టే మిల్లు, ఎవరూ గంట కొట్టరు. పొలంలో మేకలు తప్ప ఎవరూ లేరు. జాన కొలిచి, చిమ్నీ వైపు నాడాని కిందికి లాగి, ఒక్కో గుంజకీ ఒక్కో మేకు సగం దిగేలా కొట్టాను. పట్టుమని అయిదు నిమిషాలు.

మొదటి సగం నా జీవితంలోకెల్లా బాగా గడిచింది, అది రాసి తీరాలి. చిన్నదొర మూడుసార్లు తన్నాడు. మూడుసార్లూ బంతి నాడాకి బెత్తెడు పైనుంచి పోయింది. మూడుసార్లూ ఆకాశంలోకి చూశాడు, మూడోసారి ఆకాశం మీదే అనుమానం వచ్చినట్టు. గుంపులోంచి ఎవడో, గుర్రం మీద కూర్చుని తన్ను దొరా అన్నాడు. నేను కర్ర పట్టుకుని జడ్జిలా నిలబడ్డాను.

సగమయింది. మేకుల కోసం కదిలాను. రాక్‌డెన్ నుంచి రైల్లో రెండు వందలమంది దిగారు. వాళ్ళంతా చిమ్నీ వైపు గోలు వెనకే గుంపుగట్టి ఉడికించిన నల్ల బఠాణీలు తింటున్నారు. ఒక గంగాళమంత మనిషి ఎడమ గుంజకి వీపు ఆనించి నిలబడ్డాడు. కొంచెం జరగవయ్యా అన్నాను. నా గుంజని నువ్వేం చేస్తావురా అన్నాడు. పక్కనున్నావిడ నా చేతిలో గుప్పెడు బఠాణీలు పోసింది. అవి తినేలోపే ఆట మొదలైపోయింది.

రెండో సగంలో చిమ్నీ వైపు గోలు మాది. రాక్‌డెన్ వాళ్ళు తన్నేది అందులోకే. అవతలి వైపు ఒక గుమాస్తా గుంపులో పడి ఎలాగో గోల్ కొట్టాడు. ఒకటి సున్నా. ఆట ముగియబోతుంటే రాక్‌డెన్ గనివాడొకడు మూలనుంచి తన్నాడు. బంతి నాడా పైనుంచి పోయింది, బెత్తెడు ఎత్తున. పదకొండుమందీ నా మీదికొచ్చారు. ఏమంటావు అంపైరూ, ఏమంటావు?

ఏమంటాను? పైనుంచి పోయింది అన్నాను. పోయింది కదా.

గెలిచాం. జనం చిన్నదొరని భుజాల మీదికెత్తుకున్నారు. అప్పుడు రాక్‌డెన్ సెక్రటరీ, బక్కపలచని పంతులు, కొలకర్ర తెమ్మన్నాడు.

సెత్ స్వయంగా తెచ్చాడు. మొహంలో కించిత్తు గర్వం కూడా ఉంది. కర్ర అడుగు తను పట్టుకుని, పైన చదవమని పంతులుకి చెప్పాడు. పంతులు చదివాడు. ఏడడుగుల మూడంగుళాలు.

సెత్ తల పైకెత్తి చూశాడు. నాడా దించుతానని నిచ్చెన బల్ల ఎక్కాడు. బొటనవేలు గుంజ మీద ఒకచోట ఆగింది. తర్వాత చెయ్యి లోకోటు జేబులోకి పోయింది. రెండో గుంజ దగ్గరా అంతే. దిగాక పంతులు అడిగాడు, నాడా కట్టింది ఎవరని.

"ఈ మైదానంలో నాడా కట్టేది నేనేనండి," అన్నాడు సెత్.

నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా.

నవంబర్ 19

చూడలేదంటే గుర్తుపట్టలేదనేగా అర్థం. మేకులు అందరి దగ్గరా ఉంటాయి.

నవంబర్ 22

కప్పు కమిటీ తీర్పిచ్చింది. రాక్‌డెన్ గెలిచినట్టు. మేం కప్పులోంచి బయటికి.

మా క్లబ్బు కమిటీ బడిగదిలో కూర్చుంది. చిన్నదొర మొహం పాలిపోయింది. రెండో సగం మనం కాచుకునే గోలుని కావాలని కుదించాడు, సెత్ ఇలాంటివాడనుకోలేదు అన్నాడు. అంతా తలలూపారు. వాడి తన్నులు మూడు అదే నాడా పైనుంచి పోయాయన్న సంగతి ఒక్క గాడిదకీ తట్టలేదు. నేను చెబుదామనే లేచాను. అప్పటికే చేతులెత్తి ఓటేసేశారు. సెత్‌ని గుంజల పని నుంచి తీసేశారు.

ఈ కమిటీ మనుషులకి బుర్రలుంటే ఇంత దూరం వచ్చేదా? తప్పంతా వాళ్ళది.

నవంబర్ 24

మిల్లులో కొత్త ఆట మొదలైంది. అక్కడే పనిచేసే సెత్ మగ్గాల మధ్య నడుస్తుంటే ఆ వరసలో అందరూ చెయ్యెత్తి బొటనవేలూ చిటికెనవేలూ చాపుతారట. జాన. మగ్గాల చప్పుడులో మాట వినపడదుగా, వేళ్ళతోనే తిడతారు. వాళ్ళింటి తలుపు మీద కూడా ఎవరో సుద్దతో చెయ్యి బొమ్మ వేశారు. వాళ్ళావిడ కెజియా కడిగేసింది. మళ్ళీ వేశారు.

ఇలాంటి బొమ్మ నాకు తట్టి ఉంటే ఊరంతా చెప్పుకునేవాళ్ళు. తట్టినవాడెవడో గానీ, దొరికితే వాడి వేళ్ళు నా సుత్తి కింద పెడతాను.

నవంబర్ 26, ఆదివారం

మందిరంలో సెత్ తరగతి వేరేవాళ్ళకిచ్చారు. పిల్లలకి నిజాయితీ గురించి చెప్పాల్సిన మనిషి కదా, కొన్నాళ్ళు ఆగుదాం సోదరా అన్నాడు పాస్టరు. సెత్ సరేనని వెనక బల్ల మీద కూర్చున్నాడు. పాటలు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా పాడాడు.

నాకు ఒళ్ళు మండిపోతోంది. అసలు వీణ్ణెవరు దాచమన్నారు? నేనడిగానా? మేకులు చూపించి ఇవి ఈనాక్ కెర్షావి అంటే ఏం పోయేది? నాలుగు తిట్లు తినేవాణ్ణి, ఏడాదిపాటు నవ్వుకునేవాళ్ళం. వీడు పరిశుద్ధుడిలా నోరు మూసుకుని నా నెత్తిన కొండ పెట్టాడు. మంచివాళ్ళంత మొండివాళ్ళు ప్రపంచంలో లేరు.

టాబిత ఇవాళ సెత్ ఇంటికి పోదామా అంది. పనుందన్నాను. ఆదివారం ఏం పని అని అడగలేదు.

నవంబర్ 28

చెప్పేశాను.

కమిటీ వాళ్ళు బడిగదిలో ఉండగా పోయి, నాడా దించింది నేనేనయ్యా అన్నాను. మొదట నిశ్శబ్దం. నాకు నిశ్శబ్దం పడదు. అందుకని చిన్నదొర మూడో తన్ను తర్వాత ఆకాశంలోకి ఎలా చూశాడో చేసి చూపించాను. కమిటీలో ఉన్న బడిపంతుళ్ళతో సహా అందరూ విరగబడి నవ్వారు. చిన్నదొర కూడా. వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"నీ స్నేహం గొప్పది కెర్షా. కానీ వాడి తప్పు నీ తమాషాతో కడిగితే పోదయ్యా."

నమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా నేను చెయ్యని పనులన్నీ నా మీద తోసిన ఊరు, చేసిన ఒక్క పనికి నన్ను నమ్మనంది. తలుపు దాకా సాగనంపారు కూడా.

నవంబర్ 29

నవ్వుతూ చెప్పానట, అందుకని నమ్మలేదట. టాబిత అంది. మరెలా చెప్పాలి, ఏడుస్తూనా? నేను చెప్పాల్సింది చెప్పాను. విననివాళ్ళ చెవులకి నేను పూచీ కాదు. ఈ సంగతి ఇక్కడితో అయిపోయింది.

నవంబర్ 30

అయిపోయింది.

డిసెంబర్ 4, సోమవారం

మధ్యాహ్నం కెజియా వచ్చింది. ఊపిరి పట్టేసి మిల్లు మానేశాక నలుగురి బట్టలు ఉతుకుతోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చేదాకా నేను సుత్తి ఆపలేదు.

నా బల్ల మీద రెండు మేకులు పెట్టింది. ఇవెవరివి ఈనాక్ అంది. మేకులు, నూరుచోట్ల దొరుకుతాయి అన్నాను. ఆవిడ కాలెత్తి తన చెక్కజోడు బల్ల మీద పెట్టింది, అడుగు నా మొహానికి తిప్పి. నేను మేకుల తలల్ని ఆకురాయితో నాలుగు పలకలుగా రుద్దుతాను, వానలో రాళ్ళ మీద జారకుండా. ఈ లోయలో ఇంకెవరూ అలా చెయ్యరు. ఆ విషయం నేనే అందరికీ గొప్పగా చెప్పుకుంటాను.

"ఇవి కూడా నూరుచోట్ల దొరుకుతాయా?"

లోకోటు ఉతకబోయి జేబులో చూసిందట. నేను కమిటీకి చెప్పాను కదమ్మా, వాళ్ళే నమ్మలేదు అన్నాను. ఎలా చెప్పావో విన్నాను అంది. దొరని అనుకరించావటగా, బాగా నవ్వారటగా అంది. కాలు దించుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను.

"రెండు వారాలుగా రోజూ ఒక కప్పు టీ ఎక్కువ కాయిస్తున్నాడు. ఎవరికని అడిగితే ఈనాక్ వస్తాడంటాడు. రోజూ ఆ కప్పు నేనే పారబోస్తున్నాను. నేనెవరికీ చెప్పను. చెప్పనని ప్రమాణం చేయించుకున్నాడు. నువ్వు చెప్పు. ఈసారి నవ్వించకుండా చెప్పు."

మేకులు బల్ల మీదే వదిలేసి పోయింది.

మిగిలిన సాయంత్రమంతా ఒకే జోడు కుట్టాను. రెండు అడుగులూ ఎడమవే.

డిసెంబర్ 6, బుధవారం

మధ్యాహ్నం మిల్లు భోజనానికి వదిలే వేళకి ఆవరణలోకి పోయాను. చెయ్యెత్తి జాన చూపించేవాళ్ళందరూ ఉండాలని ఆ వేళ ఎంచుకున్నాను. కొట్టంలోంచి చిమ్నీ వైపు గుంజలు రెండూ ఈడ్చుకొచ్చి రాళ్ళ మీద పడేశాను. ఆ చప్పుడికి జనం మూగారు. ఓట్స్ రొట్టెలు నములుతూ, ఈనాక్ ఈసారి ఏం చేస్తాడా అని ముందే నవ్వడం మొదలుపెట్టారు. సెత్ కూడా ఎక్కడో ఆ గుంపు వెనక ఉండి ఉంటాడు. వెతకలేదు.

చిన్నదొర ఆఫీసు మెట్లు దిగి వచ్చాడు. నేను మేకులు చూపించాను. కొట్టు చూసినవాళ్ళందరికీ ఆ తలలు తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో మేకునీ ఒక్కో గుంజ కన్నంలో పెట్టాను. బొటనవేలితో నొక్కితే సగం దాకా దిగి ఆగాయి, నేను కొట్టిన చోటనే. పైన నాడా కట్టే గుర్తు నుంచి జాన పెట్టి చూపించాను. నా జాన, నా చేత్తోనే.

ఇది నేను చేశాను, సెత్ కాదు, సెత్ మేకులు పీకి దాచాడు అన్నాను. ఇంతే. ఇంకో మాట కలపలేదు. నోరు దానంతటదే తెరుచుకోబోయింది, ఏదో చమత్కారం నాలుక చివర ఉంది కూడా. పళ్ళతో పట్టుకున్నాను.

నమలడం ఆపేశారు. రెండు వందలమంది నా మాటకి నవ్వకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"క్లబ్బు మంచికి చేశావా ఇది? ఆట గెలవడానికా?" అన్నాడు చిన్నదొర.

"కాదు దొరా. మీరు తన్నింది పోకుండా ఉండటానికి. జనం మిమ్మల్ని చూసి నవ్వాలని."

"నేను నీకేం చేశానయ్యా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర సెప్టెంబర్ నుంచి సమాధానాలు పోగుపడి ఉన్నాయి. ఈ పుస్తకం నిండా ఉన్నాయి. ఫొటో అన్నాను. బయటికొచ్చాక ఆ మాట అంత కురచగా ఉంటుందని తెలియలేదు. క్లబ్బు పెట్టింది నేనూ సెత్తూ, మమ్మల్ని పక్కకి జరగమన్నారు అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. క్లబ్బు పెట్టింది మీరా, నాకెవరూ చెప్పలేదే అన్నాడు.

చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. వాడికి తెలుసనే అనుకున్నాను, తెలిసే చేశాడనుకున్నాను. మూడు నెలల కోపం అంతా దాని మీదే కట్టాను. ఇప్పుడు ఎవరి మీద పెట్టాలో తెలియక మోసుకుని ఇంటికొచ్చాను.

డిసెంబర్ 8

నా పేరు క్లబ్బులోంచి కొట్టేశారు. అందరూ చేతులెత్తారు. గుంజల పని సెత్‌కి తిరిగి ఇచ్చారు. కప్పు తీర్పు మాత్రం మారదట. మారకపోతే పోనీ.

సాయంత్రం సెత్ ఇంటికి పోయాను. తలుపు మీద బొమ్మ లేదు, కడిగిన చోట చెక్క తెల్లగా ఉంది. కెజియా కూర్చోమంది. పొయ్యి మీద కెటిల్ లేదు. సెత్ తన లాంతరు గాజు తుడుచుకుంటున్నాడు. మేకులు దాచినందుకు మందిరంలో తను కూడా నిలబడి ఒప్పుకోవాల్సి వచ్చిందట, ఆ తర్వాతే తరగతి తిరిగి ఇస్తామన్నారట. అది నాకు తట్టలేదు. సెత్ మేకులు పీకి దాచాడని నేను చెబితే దానికి వాడే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని తట్టలేదు.

ఎందుకు దాచావురా, ఎవరు దాచమన్నారు అని గట్టిగానే అడిగాను. అరిచానేమో కూడా. సెత్ గాజు పక్కన పెట్టాడు.

"ఒక వారం నీకోసం ఎదురుచూశాను. రెండో వారం నీ తరఫున సాకులు వెతికాను. ఒంట్లో బాగాలేదేమో, కొట్లో పనుందేమో. అవి కూడా అయిపోయాయి ఈనాక్."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తిరిగి రెండు తిట్టి, కూర్చుని టీ తాగేవాణ్ణి. తిట్టడానికి సందివ్వని మనిషితో ఏం చెయ్యాలి?

డిసెంబర్ 9

టాబిత రాసుకున్నావా అని అడిగింది. రాసుకునేందుకేం లేదన్నాను.

డిసెంబర్ 16, శనివారం

ఇవాళ ఇంటి మైదానంలో మామూలు ఆట, కప్పుకి సంబంధం లేనిది. పోకూడదనే అనుకున్నాను. మంచు పడి నేల గట్టిపడింది, బూట్ల అడుగు పట్టీలు ఎలా నిలుస్తాయో చూడాలని పోయాను. అవి నేను కొట్టినవే, నా పేరు కొట్టేసినా.

తాడు బయట, జనంలో నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు. ఎప్పటికన్నా ఎక్కువ చోటు. చిన్నదొర దూరం నుంచి చూసి తల పంకించాడు. అది మర్యాదో కాదో తేల్చుకునే ఓపిక లేదు. నా స్థానంలో కర్ర పట్టుకుని ఎవడో గుమాస్తా నిలబడ్డాడు.

సెత్ కొలకర్ర భుజాన వేసుకుని వచ్చాడు. వాగు వైపు కొలిచాడు. చిమ్నీ వైపు కొలిచాడు. నాడా బిగించి, ముడి లాగి చూసుకుని, ఆడుకోండని చెయ్యి ఊపాడు. తాడు దాటి రాబోతూ నన్ను చూశాడు. పలకరిస్తాడేమోనని టోపీ తీశాను. అతనూ టోపీ అంచు ముట్టుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఆటగాళ్ళందరినీ ఆగమని, చిమ్నీ వైపు గోలు దగ్గరికి నడిచి మళ్ళీ కొలిచాడు. ఆటగాళ్ళు చలికి కాళ్ళు తపతపలాడిస్తూ నిలబడ్డారు. అక్కణ్ణుంచి నా వైపు చూసి, నేనింకా అక్కడే ఉన్నానని గమనించి, వాగు వైపుకి బయల్దేరాడు.

నేను వచ్చేశాను. నేనున్నంతసేపూ ఆట మొదలుకాదు.